మాట్లాడగలిగేంత వేగం

పోయిన ఎండాకాలం సంగతి ఇది. చెప్పేదాంట్ల కొన్ని నాకు యాదికున్నవి, కొన్ని మా అత్తమ్మ చెప్తె తెలిసినవి. రెండూ కలిసిపోకుంట చూసుకుంట చెప్త.

హోలీ అయిన మూడో రోజు. నేనూ అత్తమ్మా ముందరి అర్రల చీర పరుచుకొని కూసున్నం. సూరత్ లింబాయత్‌ల మా గల్లీ మొగోళ్ళు సాంచాల మీద, అంటె మరమగ్గాల మీద, పనికి పోతరు, ఆడోళ్ళం ఇంటికాడ చీరలకు మెరిసే స్టోన్లు అంటిస్తం. కొంగు దిక్కు ఆమె, కుచ్చెళ్ళ దిక్కు నేను. అప్పుడు నా ఫోన్ మోగింది. భీవండి నుంచి మా ఆడబిడ్డ. అత్తమ్మకు సొంత ఫోన్ లేదు, ఎవలు చేసినా నాదానికే చేస్తరు. చేతులకు గమ్ము ఉన్నదని స్పీకర్ పెట్టిన.

"అమ్మా, నా మీద కోపమొచ్చిందా?" అన్నది ఆడబిడ్డ.

"కోపమెందుకే?"

"ఆపరేషన్ తారీఖు చెప్పి పదకొండు రోజులాయె. వదినకు అన్నీ ఒక్కొక్కటి చెప్పిన. నువ్వు ఇయ్యాల చేస్తవు, రేపు చేస్తవు అని చూస్తున్న."

అత్తమ్మ నా దిక్కు చూసింది. వేలి కొసకున్న స్టోన్ ఎక్కడ పెట్టాల్నో తెల్వక నేను అట్లనే కూసున్న.

ఆడబిడ్డకు నడుము బొక్క ఆపరేషన్. జులైల. మూడు నెలలు మంచం దిగొద్దన్నరు. ఇద్దరు చిన్నపిల్లలు. అవన్నీ ఆమె మళ్ళ మొదటినుంచి చెప్పింది, అత్తమ్మ విన్నది. ఆఖరికి "నువ్వు వస్తవా అమ్మా?" అని అడిగింది.

"ఎట్ల రావాలె బిడ్డా, దీన్ని ఇడిసిపెట్టి?" అన్నది అత్తమ్మ. స్పీకర్ ఇంకా అట్లనే ఉంది. దీన్ని అంటె నన్ను.

మాట్లాడుడు అయినంక మా బిడ్డ మనోజ్ఞ నా ఫోన్ తీసుకొని చూసింది. ఆరో తరగతి చదువుతది. "హా మమ్మీ, పదకొండు రోజుల కింద అత్త చేసింది. పద్నాలుగు నిమిషాలు మాట్లాడినవ్" అన్నది.

పద్నాలుగు నిమిషాలు. ఏదన్న మరిచిపోతె అది ఎక్కడో ఉన్నట్టు, జర ఎతికితె దొరుకుతదన్నట్టు ఉంటది గదా. ఇది అట్ల కాదు. ఆ పద్నాలుగు నిమిషాలు నా కాడికి రానే రాలేదు. అత్తమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. చీర మడిచి పక్కకు పెట్టి, లోపలికి పోయి గోడ దిక్కు తిరిగి పడుకున్నది. తిట్టినా బాగుండు అనిపించింది.

నాకు పందొమ్మిదో ఏట నుంచి ఫిట్స్ వస్తయి. ఇప్పుడు ముప్పై ఐదు. మాత్రలతోటి తగ్గినయి గని పోలేదు. నెలకో, రెండు నెలలకో ఒకసారి వస్తది. పెండ్లయి ఈ ఇంటికొచ్చి పదమూడేండ్లు. ఈ పదమూడేండ్లల్ల నేను గల్లీ మూల దుకాణం కాడికి గూడ ఒక్కదాన్ని పోలేదు. పొద్దుమాపు మాత్రలు అత్తమ్మనే తన చేతితోటి నా చేతిల ఏస్తది, మింగిందాక నిలబడి చూస్తది. స్నానానికి పోతె బయట కూసుంటది. చెడ్డామె కాదు. పదమూడేండ్లు నన్ను కాపలా కాసింది. మేం ఇద్దరం ఒకే చీరకు రెండు దిక్కుల కూసొని, దినాలకు దినాలు, పని మాటలు తప్ప ఏం మాట్లాడుకోక ఉండేది.

ఆ ఫోన్ అయినంక వారానికి మా ఆయన మహేశ్ ఒకరోజు పని మాని నన్ను దవాఖానకు తోల్కపోయిండు. అత్తమ్మ గూడ వచ్చింది. డాక్టరు అన్నీ విన్నడు. యాది తగ్గుడు ఈ జబ్బుల ఉంటదన్నడు. కొంత జబ్బుతోటి, కొంత మందులతోటి, కొంత నిద్ర చాలక. మాత్రల టైములు మార్చిండు. అటెన్క, "పై అంతస్తుల హేతల్ బెన్ అని ఉంటది, ఆమె కాడికి పోన్రి. ఫిట్స్ ఉన్న పెద్దోళ్ళకు వ్యాయామం చేయిస్తె యాది మెరుగైతదా అని చూస్తున్నది. మీకు ఇష్టమైతెనే" అన్నడు.

హేతల్ బెన్‌కు ముప్పై లోపే ఉంటయి. జుట్టు పైకి ముడేసి, కాళ్ళకు బూట్లేసుకొని ఉంది. ఆమెకు హిందీ, గుజరాతీ వస్తయి, మాకు హిందీ చాలు. నన్ను ఎదురుంగ కూసోబెట్టి పదిహేను మాటలు చదివింది. రైలు, బెల్లం, కిటికీ, అట్లాంటి మామూలు మాటలు. అరగంట వేరే ముచ్చట్లు పెట్టి, "ఇంతకుముందు చదివినవి ఎన్ని యాదికున్నయి, చెప్పు అక్కా" అన్నది.

నాలుగు చెప్పిన. నాలుగోది గూడ అనుమానంగనే.

ఆమె మొహంల ఏం కనపడనీయలేదు, రాసుకున్నది. "పదహారు వారాలు. వారానికి ఐదు రోజులు, రోజుకు నలభై నిమిషాలు. మొదటి రెండు వారాలు ఇక్కడ నా ముందట. తర్వాత మీ ఇంటికాడ."

"ఏం చెయ్యాలె?" అన్నడు మా ఆయన.

"నడవాలె. జోరుగ."

అత్తమ్మ కుర్చీల ముందుకు జరిగింది. "జోరుగ నడిస్తె దమ్ము వస్తది. దమ్ము వస్తె అది వస్తది. ఈమెను నేను మెట్లే ఎక్కనియ్య."

"చాలామంది అట్లనే అనుకుంటరు మాసీ. ఉరకమంటలేను. నడుస్తుంటె మాట్లాడగలగాలె, పాట పాడలేకపోవాలె. అదీ వేగం. దానికి ఎక్కువొద్దు, తక్కువొద్దు."

"నడుస్తుంటె పడిపోతె?"

హేతల్ బెన్ ఒట్టి మాటలతోటి చెప్పలేదు. లేచి వచ్చి గచ్చు మీద తనే పడుకున్నది. "నన్ను పక్కకు తిప్పు మాసీ. ఇట్ల. తల కింద మెత్తగ ఏదన్న పెట్టు. గడియారం చూడు. ఐదు నిమిషాలు దాటితె అంబులెన్స్ పిలువు. నోట్ల ఏం పెట్టొద్దు. చేతుల తాళాలు పెట్టొద్దు, వాటితోటి ఏం కాదు."

అత్తమ్మ ఆమెను రెండుసార్లు పక్కకు తిప్పి చూసింది. పదమూడేండ్ల నుంచి నాకు ఫిట్స్ వచ్చినప్పుడల్లా అత్తమ్మ బీరువా తాళాల గుత్తి నా పిడికిట్ల పెట్టేది. ఆ గుత్తి అప్పుడు గూడ ఆమె నడుముకే ఉంది. చెయ్యి దాని మీదికి పోయి మళ్ళ ఇవతలికి వచ్చింది.

సంతకం నేను పెట్టిన. నా కోసం కాదు. జులైల అత్తమ్మ భీవండి పోవాలె. నేను ఒక్కదాన్ని ఉండగల్గితెనే ఆమె పోతది. ఆ పద్నాలుగు నిమిషాల బాకీ నాకు వేరే ఎట్ల తీరుతదో తెల్వలేదు.

రెండు వారాలు దవాఖానల నడిచినం. ఉగాది దాటినంక గల్లీల మొదలైంది. మా ఆయనకు పన్నెండు గంటల డ్యూటీ, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. మనోజ్ఞకు బడి. అందుకని నాతోటి అత్తమ్మనే. మా ఆయన నాకు తెల్ల కాన్వాసు బూట్లు తెచ్చిండు. చీర కింద బూట్లు ఏసుకొని గడప దిగిన మొదటిరోజు కిటికీలల్లకెళ్ళి ఎంతమంది చూసిన్రో నాకు మంచిగ యాదికుంది.

"ఎటు పోతున్నరు వజ్రమ్మా, పొద్దు పొద్దున్నే?" అని ఎదురింటామె అడిగింది.

"కోడలికి షుగర్ వచ్చింది. డాక్టరు నడవమన్నడు" అన్నది అత్తమ్మ, ఆగకుంటనే.

నాకు ఫిట్స్ ఉన్నయని గల్లీల ఎవలకూ తెల్వదు. పదమూడేండ్లు తలుపులేసి దాచిపెట్టింది అత్తమ్మ.

గల్లీ దాటి, సాంచాల షెడ్ల పక్కనుంచి, మున్సిపాలిటీ గార్డెన్ దాకా పోయి, గార్డెన్ చుట్టూ మూడు చక్కర్లు కొట్టి రావాలె. నేను ముందు, అత్తమ్మ పది అడుగులు ఎనుక. పడితె కనపడాలె గదా అని ఎనుక. సాంచాల చప్పుడుల ఎనుకనుంచి ఒర్రేది.

"మాట్లాడు!"

"ఏం మాట్లాడాలె?"

"ఏదన్న. దమ్ము ఎంతున్నదో నాకు తెల్వాలె గదా. నిన్న ఏం కూర ఒండినం?"

నేను నడుసుకుంట ఆలోచించేది. నిన్నటి కూర దొరికేది కాదు.

"బెండకాయ" అని ఎనుకనుంచి ఆమెనే చెప్పేది.

నాలుగు రోజులు అట్లనే నడిచింది. రోడ్డు మీద బెండకాయ, పప్పుచారు అని ఒర్రుతుంటె సాంచాల కాడ చాయ తాగే మొగోళ్ళు మమ్మల్ని చూసి నవ్వుడు మొదలుపెట్టిన్రు. ఐదో రోజు అత్తమ్మ ఆ పది అడుగులు దాటుకొని నా పక్కకు వచ్చింది. ఒర్రుడు సిగ్గని వచ్చింది, వేరే ఏం లేదు. గని పక్కపక్కన నడుస్తుంటె ఎంతసేపని కూరల గురించి అడుగుతది? మెల్లగ వేరేవి మాట్లాడుడు మొదలైంది. మా ఆయన చిన్నప్పుడు సాంచా కింద నిద్రపోయిండట. ఇప్పుడు లేని మా మామయ్య సూరత్ వచ్చిన మొదటి ఏడాది భాష రాక ఉప్పుకు బదులు చక్కెర తెచ్చిండట. నేను మా అమ్మ గురించి చెప్పిన. అత్తమ్మకు మోకాళ్ళు నొస్తయి, అయినా నా వేగం పట్టుకొని నడిచేది. మధ్యల మధ్యల "ఇప్పుడు పాడు చూద్దాం" అనేది. నేను ఒక ముక్క అందుకొని దమ్ము చాలక ఆపితె, "సరే, కరెక్టుంది" అనేది.

నెల గడిచింది. నాకు తేడా ఏం తెల్వలేదు. నిద్ర మాత్రం మంచిగ పడుతుండె. ఏ స్టోన్ ఎక్కడ పెట్టాల్నో మరిచిపోయి డిజైన్ బుక్కు ఊకె ఊకె తీసి చూసుడు జర తగ్గింది. అంతే.

మే మొదటి వారంల ఒక మూడు రోజులు కరెంటు సరిగ లేదు, ఉక్కకు ఎవలకూ నిద్రలేదు. మూడో పొద్దున అత్తమ్మ "ఇయ్యాల వద్దులే" అన్నది. నేనే పోదామన్న. ఒక్కరోజు గూడ తప్పలేదు అప్పటిదాక, ఆ పట్టింపు నాకు.

నాకు యాదికున్నది ఇంతవరకే. గార్డెన్ గేటు కాడ శోభా తాయి అని ఒక మరాఠీ ఆమె పోహా, అంటె అటుకుల బండి పెడ్తది. ఆమె మూత తీసింది, ఆవిరి లేచింది. ఆ తర్వాత నేను నేల మీద పక్కకు ఒరిగి ఉన్న. నా చెంప కింద మడతపెట్టిన బట్ట. దాని వాసన అత్తమ్మ చీరది.

మధ్యల జరిగింది ఆమె చెప్పింది.

నేను ఒక అరుపు అరిచి ఒక్కసారే పడిపోయిననట. అత్తమ్మ పక్కనే ఉంది గని పట్టుకోలేకపోయింది. పదిమంది చుట్టూ మూగిన్రు. ఒకాయన చెప్పు తీసి నా ముక్కు కాడ పెట్టవోయిండు. ఇంకొకాయన తాళాలు తీసిండు. అత్తమ్మ మోకాళ్ళ మీద కూసొని నన్ను పక్కకు తిప్పి, తన కొంగు మడిచి నా తల కింద పెట్టి, ఏం పెట్టొద్దు, టైం చూడున్రి అని వచ్చిన నాలుగు హిందీ ముక్కలతోటి వాళ్ళను ఆపింది. "కుచ్ మత్ దో. టైం దేఖో. టైం." తాళాలు తీసినాయన ఆ తాళాలు జేబుల పెట్టుకొని ఫోన్ తీసి టైం చూసుకుంట నిలబడ్డడు. శోభా తాయి బండి మీది గొడుగు పీకి తెచ్చి నా మీద నీడ పట్టింది. రెండు నిమిషాల పది సెకన్లు. ఆయననే చెప్పిండట, "మాసీ, దో మినిట్ దస్" అని, అచ్చం లెక్క ఒప్పజెప్పినట్టు.

ఇంటికొచ్చే వరకు గల్లీ అంతటికీ తెలిసిపోయింది. షుగర్ కాదని.

ఆ వారం మా ఆయనకు రాత్రి డ్యూటీ. పొద్దున వచ్చి నన్ను చూసిండు. నుదురు మీద చెక్కుకపోయింది, నాలిక కొరుక్కున్న. మంచం పక్కన కూసొని నా బూట్లు తీసి మూలకు పెట్టిండు.

"ఇగ చాలు. బంద్ చెయ్యిన్రి" అన్నడు.

 నాకు గూడ చాలనిపించింది. దెబ్బకు కాదు. అంతమంది ముందట చీర ఎట్ల ఉండెనో, మొహం ఎట్ల ఉండెనో అని. అన్నిటికంటె ఎక్కువ, జులై గురించి. ఇగ అత్తమ్మ భీవండి పోదు. నేను ఆడబిడ్డకు ఏం చెప్పాలె?

హేతల్ బెన్‌కు ఫోన్ చేస్తె డాక్టరుకు చూపించమన్నది. చూపించినం. నిద్ర లేనందుకు వచ్చింది, నడిచినందుకు కాదు అన్నడు. వారం ఆగి మెల్లగ మొదలుపెట్టొచ్చు అన్నడు. నిద్ర లేని రోజు నడవొద్దు అన్నడు. మా ఆయన తల ఊపిండు గని, బూట్లు మూలకే ఉన్నయి.

వారం దాటింది. ఆ పొద్దున నేను లేచేసరికి అత్తమ్మ తల దువ్వుకొని, చెప్పులేసుకొని గడప మీద నిలబడి ఉంది. చేతిల నా బూట్లు.

"ఎటు అమ్మా?" అన్నడు మా ఆయన.

"నడవనీకి."

"మొన్ననే పడ్డది గదా. అందరి ముందట."

అత్తమ్మ బూట్లు నా కాళ్ళ కాడ పెట్టింది. "ఇంట్ల పడ్తలేదా? ఇంట్ల పడితె నేనొక్కదాన్ని, తలుపేసుకొని. ఆడ పదిమంది ఉండిరి. నీడ పట్టిరి. టైం చూసిరి. దాచిపెట్టుకొని ఏం బాగుపడ్డం మహేశ్?"

 నేను లేసులు కట్టుకున్న.

ఎదురింటామె గుమ్మంల ఉంది. అత్తమ్మ ఆమె కాడ ఆగింది. "షుగర్ అని అబద్ధం చెప్పిన. కోడలికి ఫిట్స్. నేను లేనప్పుడు వస్తె పక్కకు తిప్పాలె, ఎట్ల తిప్పాల్నో వచ్చి చూపిస్త" అన్నది. ఆమె సరే అన్నది. అంతకంటె పెద్దగ ఏం కాలేదు. గార్డెన్ కాడ శోభా తాయి మమ్మల్ని చూసి బండి కింది స్టూలు ఇవతలికి తీసి పెట్టింది, అలిసిపోతె కూసోనీకి. 

అత్తమ్మ నాతోటి ఎల్లవ్వ గురించి చెప్పింది ఆ తర్వాత పది రోజులకు. గార్డెన్‌ల రెండో చక్కర్‌ల ఉన్నం. నేను అడగలేదు. "మాట్లాడు" అని ఆమెనే అనేది రోజూ, ఆరోజు అనలేదు. తనే మొదలుపెట్టింది.

"నాకొక చెల్లె ఉండె. ఎల్లవ్వ. నీ అసొంటి రోగమే దానికి. మా అమ్మ పొలానికి పోతె నేను దానికి కావలి ఉండాలె. నాకు పెండ్లి కుదిరిన కొత్త. పక్కింట్ల నా పెండ్లి చీర చూడనీకి పిలిస్తె పోయిన. తలుపు దగ్గరికేసి, బయట గొళ్ళెం పెట్టి పోయిన, బయటికొచ్చి ఎక్కడన్న పడ్తదని. అది లోపల పొయ్యి కాడ ఉండె."

నేను నడుస్తనే ఉన్న. ఆమె గూడ నడుస్తనే ఉంది. ఆమె గొంతుల ఏం మారలేదు.

"నేను పోయి ఎంతసేపో కాలేదు. మంట వాసన నాకు రాలేదు. పక్కింటి ముసలామెకు వచ్చింది."

అంతే చెప్పింది. మూడో చక్కర్ పూర్తిచేసినం. వచ్చేటప్పుడు కూరగాయలు తెచ్చుకున్నం, టమాటలు మంచిగ లేవని అత్తమ్మ బండాయనతోటి గొడవపడ్డది.

ఇంటికొచ్చి నేను పనిల పడ్డ. గని రోజంతా మధ్యల మధ్యల ఆ పేరు నాలోపల అనుకుంటనే ఉన్న. రాసుకుందామని గూడ అనుకున్న. రాయలేదు. రాస్తె మనోజ్ఞ చూస్తది. ఇది కాయితం మీద ఉండే మాట కాదనిపించింది.

తెల్లారి మళ్ళ అదే గార్డెన్. మొదటి చక్కర్‌లనే నేను అడిగిన.

"అత్తమ్మా, ఎల్లవ్వకు అప్పుడు ఎన్నేండ్లు?"

అత్తమ్మ నిలబడిపోయింది. నడకల ఎప్పుడూ ఆగొద్దని నన్ను తిట్టేది ఆమెనే. ఎనుక వచ్చేటోళ్ళు మమ్మల్ని తప్పుకొని పోయిన్రు.

"పద్నాలుగు" అన్నది. "నువ్వు మరిచిపోతవనుకొనే చెప్పిన" అన్నది.

"మరిచిపోలేదు."

ఆమె కొంగుతోటి మొహం తుడుచుకున్నది. చెమటనే. తర్వాత నా మోచెయ్యి పట్టుకొని నడుసుడు మొదలుపెట్టింది. ఆరోజు నాలుగు చక్కర్లు తిరిగినం. ఎల్లవ్వ ఎట్లుండేదో, ఏం పాటలు పాడేదో, జామకాయలంటె ఎంత పిచ్చో, అన్నీ చెప్పింది. నలభై ఏండ్లల్ల ఆ పేరు ఎవల ముందట పలుకలేదట. మా మామయ్య ముందట గూడ.

జూన్ ఆఖరుల మొదటి వానలు పడ్డంక హేతల్ బెన్ కాడికి పోయినం. అదే గది. మాటలు వేరే. పదిహేను చదివింది, అరగంట ఆగింది, అడిగింది. నేను ఎనిమిది చెప్పిన. తొమ్మిదోది నోటిదాకా వచ్చి ఆగింది.

హేతల్ బెన్ ఈసారి నవ్వింది. కిందికి పోతె డాక్టరు ఆమె రాసిన కాయితం చూసిండు. "నడకతోటి వచ్చిందా, మాత్రల టైములు సరిజేసినందుకా, నిద్రతోటా, ఈ ఒక్క కాయితం చూసి నేను చెప్పలేను. హేతల్ కాడికొచ్చే వాళ్ళల్ల కొందరికి పెరిగింది, కొందరికి అంతే ఉంది. మీకు మాత్రం పెరిగింది. నడక ఆపకున్రి, మాత్రలు అసలే ఆపకున్రి" అన్నడు.

అత్తమ్మకు ఎనిమిదీ నాలుగూ పట్టలేదు. "ఈమె ఇంట్ల ఒక్కతె ఉండొచ్చా? నాకది చెప్పు సాబ్" అన్నది.

డాక్టరు కలం పక్కకు పెట్టిండు. "మళ్ళ రాదని నేను రాసియ్యను మాసీ. వస్తది. ఒక్కతె ఉన్నప్పుడు గూడ రావొచ్చు. వస్తె దెబ్బ తగలకుండ ఏమేం చెయ్యాల్నో చెప్త."

చెప్పిండు. బాత్రూం లోపలినుంచి గడియ పెట్టుకోవద్దు. బకెట్‌తోటి కూసొని పోసుకోవాలె. గ్యాస్, ఇంట్ల మనుషులు ఉన్నప్పుడే ముట్టియ్యాలె. మాత్రలకు ఏడు రోజుల డబ్బా, ఫోన్‌ల అలారం. పక్కింటోళ్ళకు తాళం ఒకటి. నేను అన్నీ విన్న. ఇంటికొచ్చినంక మా ఆయనకు నేనే చెప్పిన, ఐదూ వరసగ. అత్తమ్మ మధ్యల అందుకోలేదు.

జులై రెండో వారంల అత్తమ్మ ఉధనా స్టేషన్‌ల రైలెక్కింది. భీవండికి దగ్గరి వసాయి స్టేషన్‌ల ఆమె అల్లుడొచ్చి దింపుకుంటడు. ఎక్కేముందు ఏదన్న చెప్తదని నేను చూసిన. మాత్రల గురించో, గ్యాస్ గురించో. ఏం చెప్పలేదు. కిటికీ సీటు దొరికిందా లేదా అన్నదే ఆమె రంది.

ఆమె అక్కడ మూడు నెలలు ఉంది. ఆడబిడ్డ ఆపరేషన్ మంచిగనే అయింది. ఆ మూడు నెలలల్ల నాకు రెండుసార్లు వచ్చింది. ఒకసారి మా ఆయన ఇంట్లనే ఉండె. రెండోది ఆగస్టుల, మధ్యాహ్నం పూట, నేనొక్కదాన్ని ఉన్నప్పుడు.

కళ్ళు తెరిచేసరికి ముందరి అర్రల నేల మీద ఉన్న. స్టోన్ల డబ్బా ఒరిగి గచ్చంతా మెరుస్తున్నది. నాలిక నొస్తున్నది, దాన్నిబట్టే ఏమైందో తెలిసింది. ఎంతసేపైందో తెల్వదు. కొద్దిసేపు అట్లనే పడుకున్న. తర్వాత లేచి గోడకు కూసొని, నీళ్ళు తాగి, చీర మార్చుకున్న. ఎదురింటామెను పిలిస్తె వచ్చి కూసున్నది. ఇద్దరం కలిసి స్టోన్లు ఏరినం. ఆమె పోయి చాయ పెట్టుకొచ్చింది. అప్పుడు భీవండికి ఫోన్ చేసిన.

చెప్పకుంట ఉండొచ్చు. మా ఆయనకు గూడ ఇంకా చెప్పలేదు. గని అత్తమ్మకు నేనే చెప్పాలె అనిపించింది, ఇంకొకల నోటనుంచి కాదు.

"అత్తమ్మా, ఇయ్యాల వచ్చింది. ఎవలు లేనప్పుడు."

అటునుంచి పిల్లలు ఆడుకునే గోల వినిపిస్తున్నది. ఆమె ఊపిరి గూడ వినిపిస్తున్నది.

"పొయ్యి కాడనా?" అన్నది ఆఖరికి.

"కాదు. ముందరి అర్రల. దెబ్బేం తగలలే. ఎదురింటక్క వచ్చింది, పక్కనే ఉంది."

"మాత్ర?"

"ఏసుకున్న. పొద్దున నడిచిన గూడ."

 ఆమె ఇప్పుడు సంచి సర్దుకుంటదేమో, రాత్రి బండికే ఎక్కుతదేమో అని నేను ఫోన్ గట్టిగ పట్టుకున్న. ఆడ ఆడబిడ్డ ఇంకా సొంతంగ లేచి కూసుంట లేదు.

"నేను రావాల్నా?" అన్నది అత్తమ్మ. ఆ మాట ఆమె నన్ను అడిగింది. మా ఆయనను కాదు, డాక్టరును కాదు.

"వద్దు అత్తమ్మా. నువ్వు ఆడనే ఉండు."

"సరే" అన్నది. "ఇయ్యాల తొందరగ పడుకో. నిద్ర చాలకుంటె రేపు నడవకు. ఎల్లుండి పోదువు" అన్నది. పిల్లలకు అన్నం పెట్టే యాల్లైందని ఫోన్ పెట్టేసింది.